పట్టాల ముగ్గు

పిల్లలున్న యింట బొమ్మరైలు ఏదో యొకనాడు వచ్చి చేరును. కొన్ననాడు అది నట్టింట గుండ్రముగ తిరుగును. మఱునాడును తిరుగును. మూడవనాటికి అట్టపెట్టెలోనికి పోయి అటకెక్కును. పిల్లలకు దేనియందును నిలుకడ లేదని మనము విసుగుకొందుము గాని, ఆ బండికి మనమేమి పని కల్పించితిమి? అది పోవలసిన ఊరు లేదు, దింపవలసిన సరుకు లేదు, దారి యియ్యవలసిన ఎదురుబండి లేదు. గానుగెద్దునైనను నూనెకొఱకు త్రిప్పుదుము.

ఈ బొమ్మకు పని కల్పించు విద్య యొకటి కలదనియు, ఆ విద్యకు మొదటి మెట్టు కాగితముమీద పట్టాల పటము గీయుట యనియు మాకు గడచిన యేడాదిలో తెలియవచ్చినది. పెద్ద పెద్ద దేశములలో వయసు మీఱినవారు సైతము బల్లలమీద ఊళ్లు కట్టి, స్టేషన్లు పెట్టి, వేళ ప్రకారము బండ్లు నడుపుదురు. ఇది మగవారి వినోదమని సోదరీమణులు పుట తిరుగవేయవలదు. దీని పుట్టిల్లు వంటిల్లే. జర్మనీ దేశమున గోపింగెన్ అను ఊర తియొడోర్ మెర్క్లిన్ అను రేకుపనివాడు 1859లో బొమ్మరిండ్లకు కావలసిన చిన్న వంటపాత్రలు చేసి అమ్మ మొదలిడెను. మన లక్కపిడతల వంటివే యనుకొనుడు. 1866లో ఆయన గతించెను. అతని భార్య కరొలీన్ కుంగిపోక, తానే ఊరూర తిరిగి సరుకమ్మి, కుమారుల చేతికి 1888లో వచ్చువఱకు ఆ వ్యాపారమును నిలువబెట్టెను. ఆ కుమారులు 1891లో లైప్సిగ్ నగరపు సంతలో ముక్కలు ముక్కలుగ చేర్చుకొను పట్టాలతో ఒక రైలును ప్రదర్శించిరి. బొమ్మరింటికి ఈ పండుగకు కుంపటియు, వచ్చు పండుగకు బిందెయు కొన్నట్లే, రైలునకు ఈ యేడు ఒక వంపును పైయేడు ఒక పాయింటును కొనవచ్చును. మన బొమ్మలకొలువు ఏటేట పెరుగుటయు ఇట్లే గదా. ఆ మీద ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ యిచ్చిన నడచు రైళ్లను అమ్మెను; క్రమముగ విద్యుత్తు వచ్చెను. మన దేశములో పూనా నగరమున జోషీగారు కట్టిన చిన్నరైళ్ల ప్రదర్శనశాల 1998 ఏప్రిల్ నెలలో తెఱవబడినది. అటు వెళ్లువారు పిల్లలతో గూడ చూడదగినది.

ఇక మా సంగతి. మాది సూళ్లూరుపేట. 2022లో జిల్లాలు విభజించినప్పుడు మమ్ము తిరుపతి జిల్లాలో చేర్చిరి గాని, మాటలోను, పులుసులోను మేమింకను నెల్లూరువారమే. ఊరికి తూర్పున పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట. 1971 నుండి అక్కడ రాకెట్లు లేచుచున్నందున, ఆ కేంద్రమునకు దాపైన రైలుస్టేషనుగ మా ఊరి పేరు పత్రికల కెక్కినది. అంతకు ఎంతో పూర్వమే, 1899లో చెన్నపట్నమునకును బెజవాడకును రైలు కలిసిననాటి నుండి, మా ఊరికి రైలే గడియారము. చెన్నపట్నము మాకు 83 కిలోమీటర్లు. అక్కడినుండి లోకలు బండ్లు మా ఊరిదాక వచ్చి, ఇక్కడ ఆగి, మరల వెనుకకు పోవును. గ్రాండ్ ట్రంకు వంటి దూరపు బండ్లో, ప్లాట్‌ఫారముమీది దుమ్ము లేపుకొని పోవును. ఈ రెండు విధముల బండ్లు ఒకే చోట మసలుట వలన మా స్టేషను చిన్నదయ్యు చూడ ముచ్చటైనది.

మా మామగారు ఈ మార్గముననే పాయింట్స్‌మన్‌గ చేరి, కేబిన్లలో లివర్లు లాగి, ఉద్యోగము విరమించినవారు. విరమించిన తర్వాతను సాయంకాలము కాగానే స్టేషనుకు పోయి బెంచీమీద కూర్చుండి, చీకటి పడిన పిమ్మట ఇంటికి వచ్చెడివారు. రెండేండ్ల క్రిందట వారికి పక్షవాతము వచ్చి కుడిచేయియు కుడికాలును పట్టు దప్పెను. మాట కొంత తడబడినను నిలిచియే యున్నది. మాటాడు ఇచ్ఛ మాత్రము పోయినది. అత్తగారు అన్నము కలిపి పెట్టిన తినెదరు, పెట్టకున్న అడుగరు. రాత్రివేళ దూరమున బండి కూసినప్పుడు తల కొంచె మెత్తెదరు. ఇంతే.

మా అమ్మాయికి పదునాఱేండ్లు. పదవ తరగతి పరీక్షలైన పిమ్మట సెలవులలో, మా మఱది సింగపూరునుండి తెచ్చిన ఇంజనును ముందు పెట్టుకొని, దానికి పెట్టెలు తానే చేయనారంభించెను. దళసరి అట్ట కత్తిరించి, కిటికీలు తొలిచి, నీలిరంగు పూసి, మూడు వారములలో ఐదు పెట్టెలు చేసెను. కొలత తప్పలేదు. ఆ ఇంజను హెచ్.ఓ. అను ప్రమాణమునకు చేసినది. అనగా అసలులో 87వ వంతు. మన పాత నీలిపెట్టె 21 మీటర్ల పైచిలుకు. 87తో భాగించిన తొమ్మిదిన్నర అంగుళములకు కొంచెము మీఱును. కొక్కెములతో గూడ పది యనుకొనవచ్చును.

పెట్టెలైన పిమ్మట పటము గీసెను. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకమీద కోడిగ్రుడ్డువలె ఒక చుట్టు, దాని లోపల ఇంకొక చుట్టు. పలకను మామగారి గదిలో నడుమ వేయవలెను. అంత చోటు ఇంటిలో ఇంకెక్కడను లేదు. మామగారి మంచమును వసారాలోనికి మార్చిన సరిపోవును. అక్కడ గాలియు బాగుగ వచ్చును. మావారికి ఇది సబబుగనే తోచెను. అత్తగారు ఏమియు ననలేదు. మామగారి నెవరును అడుగలేదు.

మేము ఆ కాగితము తీసికొని గది కొలిపించితిమి. పదునైదడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. ఆ కొలతకు క్రొత్త పటము గీయుమని, అందు మొదట మంచము గీయుమని అమ్మాయితో చెప్పితిమి. తూర్పుగోడ నానుకొని, తల దక్షిణమునకుండునట్లు, ఇప్పుడున్నచోటనే. తర్వాత తలుపు. తర్వాత మందుల బల్ల. ఇవి కదలవు, తక్కినది రైలుకు.

అమ్మాయి మూతి ముడిచెను గాని, జాన్ ఆర్మ్‌స్ట్రాంగు అను అమెరికా ఇంజనీరు ఈ పటములను గూర్చి 1963లో వ్రాసిన గ్రంథము సంగతి మాకు తెచ్చి చెప్పినదియు తానే. ఆయనయు ఇట్లే, కదలింపరానివి ఒక జాబితాగను, ఉండిన బాగుండుననునవి వేఱొక జాబితాగను ముందు వ్రాసికొమ్మనెనట. తర్వాత గదిపటమును చదరములుగ విభజింపవలెను. చదరపు ప్రక్క యెంత? తాము పెట్టదలచిన వంపు వ్యాసార్ధమునకు, ప్రక్కప్రక్క పట్టాల నడుమ దూరమును రెండింతలు చేసి కలుపగా వచ్చినంత. గది యెన్ని చదరములు పట్టునో లెక్కించిన, వంపు ఎక్కడ ఇముడునో ఎక్కడ ఇమడదో గీత గీయకముందే తెలియును. ఇది విన్నప్పుడు మాకు నవ్వు వచ్చినది. వాకిట చుక్కలు పెట్టకుండ ముగ్గు మొదలిడు ఆడుది కలదా? చుక్కకు చుక్కకు నడుమ జానెడు విడువవలెనా, బెత్తెడు విడువవలెనా యనునది వాకిలి చూచి నిర్ణయించుకొని గదా వంగెదము.

వంపు లెక్క ఈ విద్యలో కడు కఠినమైనది. అసలు బ్రాడ్‌గేజి మార్గములందు మిక్కిలి బిగువైన వంపునకును వ్యాసార్ధము 175 మీటర్లకు తగ్గరాదని నియమము. 87వ వంతున అది రెండు మీటర్లు. అనగా సగము చుట్టు తిరుగుటకే నాలుగు మీటర్ల వెడల్పు కావలెను. మా గది వెడల్పు మూడు మీటర్లు లేదు. కావున బొమ్మరైలువారు అసలు వంపును వదలుకొని, పెట్టె పొడవునకు రెండున్నర రెట్లకు తగ్గని వ్యాసార్ధముండవలె ననియు, మూడు రెట్లున్న బండి సుఖముగ పోవుననియు స్థూలముగ లెక్క కట్టిరి. మా పెట్టెకు రెండున్నర రెట్లనగా ఇరువదినాలుగు అంగుళములు. నాలుగడుగుల పలకమీద అంచున పట్టా వేసినను ఇరువదిరెండుకు మించదు. మంచము మాట యటుండ, అమ్మాయి గీసిన గ్రుడ్డు తన పెట్టెలకే చాలదు. ఇది లెక్క వేసి చూపినది మేము గాదు, తానే. అప్పటినుండి మూతి ముడుపు తగ్గెను.

మఱియొకటి చేయి చాపు దూరము. మనిషి నిలుచుండి వంగి పని చేయుటకు రెండున్నర అడుగులే హద్దు. అంతకు మించిన, అవతలి మూల పట్టా తప్పిన పెట్టెను ఎత్తుటకు బల్ల యెక్కవలసి వచ్చును. వంటింటి గట్టు వెడల్పుగ నున్నంత మాత్రమున పని సులువు కాదని మనకు వేఱే చెప్పనక్కఱలేదు. కనుక మేము అడుగున్నర వెడల్పు గల చెక్కను గోడ వెంబడి వేయ నిశ్చయించితిమి. ఉత్తరపు గోడకు పదునైదడుగులు, అక్కడ మూల తిరిగి పడమటి గోడకు తొమ్మిదడుగులు. ఎత్తు రెండున్నర అడుగులకు కొంచెము హెచ్చు. దిండ్లకు చేరగిలబడి కూర్చున్న మామగారి కన్నులకు పట్టాలు కొద్దిగ క్రిందుగ నుండును, పొయ్యిగట్టు ఎత్తునకు అలవడిన మా నడుములకును నొప్పి యుండదు.

ఇట్లు వేసిన చుట్టు లేదు. మార్గమునకు రెండు కొనలున్నవి. కుడికొన చెన్నపట్నము, ఎడమకొన గూడూరు, నడుమ సూళ్లూరుపేట. ఊరికి పడమటినుండి తూర్పు ముఖముగ చూచినట్లు లెక్క. గోడమీద దూరమున సరస్సును, శీతకాలమున వచ్చు రాజహంసలను అమ్మాయి వ్రాసెదనన్నది. 83 కిలోమీటర్లను 87వ వంతు చేసినను కిలోమీటరునకు ఇంచుమించుగ వచ్చును గనుక, చెన్నపట్నమును గదిలో కట్టు తలంపు ఎవరికిని ఉండదు. కొనలయందు ఒక అట్టగోడ చాటున బండి పోయి ఆగును. ఆగినది చెన్నపట్నములోనని మనము నమ్ముదుము. నాటకములో పాత్ర తెరచాటునకు పోయిన, రాజధానికి పోయెనని నమ్ముట లేదా?

ఆ చాటున బండిని ఒక పట్టానుండి మఱియొక పట్టాకు మార్చుటకు జరుగుడు బల్ల యొకటి పెట్టవచ్చును. బీరువా సొరుగువలె అది అడ్డముగ జరుగును. పైన మూడు నాలుగు పట్టాలుండును. ఏ పట్టా కావలసిన దానిని మార్గమునకు ఎదురుగ తెచ్చుకొనవలెను. పాయింట్లు కొనవలసిన పని తప్పును. పట్టాలును పాయింట్లును విదేశములనుండి రావలసినవే గనుక, ఒక్కొక్క పాయింటు తగ్గుటయు ఇల్లాలికి సంతోషమే.

కొనుటకు ముందు పటమును అసలు కొలతలో పఱచి చూడవలెను. రవికె కత్తిరించుటకు ముందు వార్తాకాగితముమీద కొలత గీసి కత్తిరించు అలవాటు మనకున్నది గదా. అట్లే పాతపత్రికలు అతికించి, మామగారి గదిలో నేలమీద పఱచితిమి. బొగ్గుతో పట్టాలు గీసితిమి. అమ్మాయి తన ఐదు పెట్టెలను ఇంజనును పెట్టి ఒక్కొక్క బండిని చేతితో నడుపుచు, ఇది గ్రాండ్ ట్రంకు, ఇది లోకలు అని చెప్పుచుండెను. చెన్నపట్నమునుండి వచ్చు లైను, చెన్నపట్నమునకు పోవు లైను, లోకలు ప్రక్కకు తప్పుకొని నిలుచుటకు ఒక లూప్‌లైను. ఐదు పెట్టెల బండి ఐదడుగులు. లూపునకు ఐదున్నర, రెండు ప్రక్కల పాయింట్లకు ఒక్కొక్క అడుగు, మూల తిరుగుటకు రెండున్నర, చెన్నపట్నపు జరుగుడు బల్లకు ఐదు. కూడిన సరిగా పదునైదు. అడుగు మిగులలేదు, అంగుళము తగ్గలేదు. అమ్మాయి ముఖము వెలిగిపోవుచుండెను.

అప్పుడు మంచముమీదినుండి మామగారు, “లోకలు వొచ్చింది సరే అమ్మణ్ణీ, మళ్లా పట్నం ఎట్టా పోద్ది?” అనిరి.

ఎన్ని నెలల తర్వాత విన్న మాటయో లెక్కింపలేదు. అత్తగారు చేతిలోని చెంబు క్రింద పెట్టి అట్లే నిలుచుండిరి. మేము కాగితమువంక చూచితిమి. మాట నిజమే. మన దేశమున జంట లైన్లపై బండ్లు ఎడమవైపుననే నడచును. వచ్చు బండికి ఒక లైను, పోవు బండికి వేఱొకటి. లోకలు ఒక లైనుమీద వచ్చినది. మరల పోవుటకు రెండవ లైనునకు దాటవలెను. ఆ దాటు అమ్మాయి పటములో లేదు. లోకలు సూళ్లూరుపేటకు వచ్చి, యావజ్జీవము ఇక్కడనే నిలువవలసినదే.

అమ్మాయి తేలికగ ఒడబడలేదు. కొనలయందు పట్టాను గుండ్రముగ మెలిక త్రిప్పి అదే లైనులో కలిపిన బండి తానే తిరిగి వచ్చును గదా యని వాదించెను. మెలిక ముగ్గు వేయువారికి ఆ ఊహ సహజము. చేయి యెత్తకుండ గీత బయలుదేరిన చోటికే వచ్చుట అందు గొప్ప. కాని రైలుపట్టాలలో విద్యుత్తున్నది. రెండు పట్టాలలో ఒకదానిలో విద్యుత్తు వచ్చును, రెండవదానిలో పోవును. మెలిక తిరిగి తనలో తాను కలిసినచోట ఎడమపట్టా కుడిపట్టాను తాకును. అక్కడికి బండి నిలుచును, ఫ్యూజు పోవును. దానికి విఱుగుడుగ పట్టాలను కోసి, ఆ మెలికకు వేఱుగ విద్యుత్తు పెట్టు ఉపాయములున్నవి. ఐనను ఆ మెలికకు నాలుగడుగులకు పైగా వెడల్పు కావలెను. ఆ చోటు మరల మంచముదే.

దాటు పెట్టుటకు ఇంకొక అడుగు కావలెను. పదునైదింటిలో అడుగు ఎక్కడినుండి వచ్చును? గోడ జరుగదు. మూల వంపు బిగించిన పెట్టెలు పట్టాలు తప్పును. జరుగుడు బల్ల తగ్గించిన బండి పట్టదు. చివరకు తేలినది, బండిలో ఒక పెట్టె తీసివేయవలెను. నాలుగు పెట్టెల బండి నాలుగడుగుల రెండంగుళములే. లూపు నాలుగున్నరకు తగ్గును. దాటునకు అడుగు దొరకును. కాగితముమీద ఇది చిన్న తీసివేత. మూడు వారములు కూర్చుండి కిటికీ కిటికీ తొలిచిన పిల్లకు చిన్నది గాదు. “జనం సర్దుకుంటార్లే” అని అత్తగారు ఊరడింపబోయిరి గాని, అమ్మాయి లేచి వంటింటిలోనికి పోయి చాలసేపు రాలేదు.

ఆ సమయమున మేము ఎవరి పక్షమును మాటాడలేదు. దాటు లేకుండినను బండ్లు తిరుగును. జరుగుడు బల్లమీద సర్ది, చూచువారికి తెలియకుండ గడుపవచ్చును. స్నేహితురాండ్రకు చూపుటకు ఐదు పెట్టెల బండియే అందము. పెద్దాయన యొక్క మాటకొఱకు పిల్ల చేసిన పనిని తీసివేయుమనుట ఏమి న్యాయము? అట్లని, ఇన్నాళ్లకు నోరు తెఱచి అడిగిన ప్రశ్నకు, అదంతయు మీకెందుకు తాతా అని బదులిచ్చిన, ఆ నోరు మరల తెఱచుకొనునా? పటము గీయుట యనగా ఎవరి అడుగు ఎవరికి ఇత్తుమని తేల్చుట. అది ఆ కాగితముమీదనే గాక, వంటింటిలో అల్మరల విషయమునను, పడకలు వేయుటయందును దినదినము మనము చేయుచునే యున్నాము. గీసి చూడకుండ చేయుచున్నాము.

సాయంకాలము అమ్మాయి తానే వచ్చి, ఐదవ పెట్టెను తీసి తాతగారి మందుల బల్లమీద పెట్టెను. “దీన్ని సైడింగులో పెడదాం తాతా, మరమ్మతుకొచ్చిందనుకో” అనెను. మామగారు తల యూచి, ఎడమచేతితో కఱ్ఱ తీసి, దాటు ఎక్కడ వేయవలెనో నేలమీది కాగితముపై చూపిరి. ఆ కఱ్ఱ చివర మా బొగ్గుగీత కంటె తిన్నగ పోయినది.

అటుపిమ్మట వారికిని అమ్మాయికిని నడుమ నడచిన సంప్రదింపులలో మాకు చోటు లేకపోయినది. గూడ్సు సైడింగుల విషయమున ఇంగ్లండుకు చెందిన ఆలన్ రైట్ కల్పించిన ఒక చిక్కుముడిని అమ్మాయి పటములో చేర్చెను. పాఠికలకు పనికివచ్చును గనుక వివరింతుము. మూడు సైడింగులు, ఒకదానిలో ఐదు డబ్బాలు, తక్కిన రెంటిలో మూడేసి పట్టును. ఇంజను నిలుచు కొసలో ఇంజనుతో గూడ మూడు డబ్బాలకే చోటు. మొత్తము డబ్బాలెనిమిది. చీట్లు తీసి, వచ్చిన ఐదు డబ్బాలను వచ్చిన వరుసలోనే పొడుగు సైడింగులో నిలుపవలెను. చేతితో ఎత్తరాదు, ఇంజనుతో లాగియు నెట్టియు చేయవలెను. ఇట్లు వచ్చు వరుసలు 6,720. రెండే పాయింట్లతో, ఆఱడుగులలోపు చోటులో ఇంత పని యుండుట ఆశ్చర్యము. పెట్టె పోయిన దుఃఖమును ఇది మఱపించినది. కాగితముపై అగ్గిపెట్టెలు పెట్టి అమ్మాయి ఎత్తు వేసిన, మామగారు మంచముమీదినుండియే, “ముందు ఎర్రదాన్ని అవతలెయ్” అని కేక వేయుదురు. ఇరువదేండ్లు షంటింగు చూచిన కన్ను. అమ్మాయి పది యెత్తులలో చేసినదానిని వారు ఆఱింటిలో ముగింతురు.

పట్టాలు వచ్చిన దినమున మాత్రము వారికి నచ్చలేదు. ఒక ముక్కను చేతబట్టుకొని, వ్రేళ్లతో పట్టాల నడుమ కొలచి, “ఇది మన లైను కాదే” అనిరి. ఆ మాటయు సత్యమే. అంగడిలో దొరకు ఈ ప్రమాణపు పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లుండును. 87తో హెచ్చించిన 1,435 మిల్లీమీటర్లు. అది విలాయతి లైను. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతున పందొమ్మిదికి మించవలెను. మూడు మిల్లీమీటర్ల లోపు భేదమును, ముసలితనపు కన్నులతో, ఒక్క చూపున పట్టిరి. ఓర్పు గలవారు పట్టాలను తామే కొలిచి అతికి వేసికొందురట. చక్రములును మార్చవలసి యుండును. అంత శ్రమ మాకు చాలదు. ఈ లోపమును ఒప్పుకొని సాగుటయే మేలని మేము తీర్మానించితిమి. మామగారు ఇంకను సమ్మతింపలేదు. వచ్చినవారి కందఱకును ఆ సంగతి ముందుగ చెప్పుచున్నారు. ఆ విధముగనైనను వచ్చినవారితో మాటాడుచున్నారు.

చెక్కపని మా ఊరి వడ్రంగియే చేసెను. జరుగుడు బల్లలకు బీరువా సొరుగులకు వేయు ఇనుపపట్టీలే వేసెను, బాగుగ జరుగుచున్నవి. ఉత్తరపు గోడ పట్టాలన్నియు పడినవి. దాటు పాయింట్లు రెండును బిగించినప్పుడు మామగారు మావారిచేత మూడుసార్లు ఊడదీయించి మరల వేయించిరి. పడమటి గోడ పని ఇంకను మిగిలియున్నది. గోడమీద రాజహంసలు మూడు మాత్రమే వచ్చినవి.

జూన్ నెలలో అమ్మాయి ఇంటర్మీడియట్ చదువునకు నెల్లూరు హాస్టలునకు పోయినది. గూడూరు కొనయందు జరుగుడు బల్ల దగ్గఱ నిలుచు మనిషి లేకపోయెను. మావారు పనిమీద తిరుగువారు, మాకు వంటపని. రెండు దినములు బండ్లు ఆగినవి. మూడవనాటి సాయంకాలము మేము కాఫీ తీసికొని గదిలోనికి పోగా, అత్తగారు కొంగు బిగించి పడమటి గోడ దగ్గఱ నిలుచుండియుండిరి. నలువది యేండ్లు డ్యూటీ వేళలకు క్యారియరు కట్టిన మనిషి. ఏ బండి ఎప్పుడు వచ్చునో ఆమెకు వేఱే చెప్పవలసిన పని లేదు. మామగారు, “గూడూరూ, లైను ఇచ్చినావా?” అని అడుగుచున్నారు. “ఇంకా ఇయ్యలా. గూడ్సు పోనీ ముందు” అని ఆమె సొరుగు జరుపుచున్నది.